కొంగ దోర్వలీనో చెప్పిన ఒక్క మాట

ఎవరూ, దోర్వలీనో గురించా అడుగుతున్నావ్? నాకు తెలుసని మీ అమ్మమ్మ చెప్పిందా? చెప్పే ఉంటుంది, దానికి తెలిసినవన్నీ నా దగ్గర విన్నవే. ఇలా నీడలోకి జరుగు. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. ఆఁ, దోర్వలీనో. మాకు కొంగ. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని, మనిషిని చూసినవాడెవడూ ఎందుకు పెట్టారని అడగలేదు. గోలు ముందు అలాగే నిలబడేవాడు, మెడ కాస్త ముందుకు పెట్టి, ఉలుకూ పలుకూ లేకుండా. బంతి దగ్గరికొచ్చేదాకా కదిలేవాడు కాదు. కదిలాడా, అంత మనిషీ ఎక్కణ్ణుంచి సాగేవాడో. అప్పట్లో మన పాలడైరీలో క్యాన్లు కడిగేవాడు, ఆదివారం పూట ఊరి ఫుట్‌బాల్ జట్టుకి గోలీ. మా ఆయన కూడా ఆడేవాడులే ఆ జట్టులో, ఆడేవాడంటే, పరిగెత్తేవాడు. పెళ్ళికి ముందు మాట. ఆ ఎర్ర చొక్కా చూసే కదా నేను... సరే, అది వేరే కథ.

ఎలా వెళ్ళాడంటే, ఒక ఆదివారం పరాగ్వే బస్సొకటి మన చెరకు మిల్లు దగ్గర చెడిపోయింది. అందులో ఏదో క్లబ్బు కోచ్ ఉన్నాడు, బస్సు బాగయ్యేదాకా ఏం తోచక మైదానానికి వచ్చి కూర్చున్నాడు. సాయంత్రానికి కొంగని వెంటబెట్టుకుని పోయాడు. అంతే, అంత తేలిగ్గా. డైరీలో పని మానేస్తున్నానని చెప్పడానికి కూడా టైము లేదు, ఆ మాట ఫిర్మీనా పెద్దమ్మే మర్నాడు వెళ్ళి చెప్పింది. ఫిర్మీనా పెద్దమ్మంటే వాళ్ళమ్మ. అప్పుడు వాడికి ఇరవై మూడు. పరాగ్వేలో మూడేళ్ళు, తర్వాత గ్వాటెమాలాలో నాలుగు, ఆపైన సైప్రస్ అని సముద్రం మధ్యలో ఏదో దేశం, అక్కడ మూడు, చివరికి ఫిన్లాండ్. వింటే ఎంత గొప్పగా ఉంది. నిజానికి ఎక్కువ రోజులు బెంచీ మీదే. గోలీల బతుకంతే కదా, ఆడేది ఒక్కడు, రెండోవాడు వాడికి కాలో చెయ్యో విరగాలని మనసులోనే కోరుకుంటూ పైకి చప్పట్లు కొడుతుంటాడు. ఈ మాట నాది కాదు, వాడే అన్నాడు. గ్వాటెమాలాలో నాలుగేళ్ళలో ఆడినవి ఇరవై ఆటలు. అక్కడే కుడిచేతి వేళ్ళు రెండు విరిగి వంకరగా అతుక్కున్నాయి. తర్వాత కాఫీ కప్పు పట్టుకోవడానికి ఎడమ చెయ్యే వాడేవాడు.

నాకెలా తెలుసంటావా? అప్పట్లో ఊళ్ళో ఫోనంటే నేనే. ఇప్పుడు సెల్‌ఫోన్లమ్మే కొట్టుందే, మందుల షాపు పక్కన, అదే టెలిఫోన్ ఆఫీసు. రెండు గదులు, ఒక బల్ల, నేను. కొంగ ప్రతి ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు ఆఫీసు నుంచి చేసేవాడు. పెద్దమ్మ భోజనం కాగానే మంచి గౌను వేసుకుని, జుట్టుకి నూనె రాసుకుని వచ్చి బల్ల పక్కన కూర్చునేది. కాని ఆమెకి రెండు చెవులూ మందం. రిసీవరు చేతికిస్తే, "ఇందులో వానపడుతోంది అమ్మీ" అని నాకే తిరిగిచ్చేది. అందుకని వాడు నాతో చెప్పాలి, నేను ఆమె చెవిలో అరవాలి. బయట బెంచీ మీద నలుగురు ఎప్పుడూ ఉండేవాళ్ళు, వాళ్ళు కూడా వినేవాళ్ళు. ఏమంటున్నా... ఆఁ. వాడు "ఈ వారం కూడా ఆడలేదు జుల్మీరా" అనేవాడు. నేను పెద్దమ్మ మొహం చూసేదాన్ని. చూసి, "ఆడాడట, గోలు పోనివ్వలేదట" అని అరిచేదాన్ని. మొదటిసారి ఎందుకు అన్నానో అనేశాను. తర్వాత ఎలా ఆపను? పన్నెండేళ్ళు అలా కొంగ చేత ప్రతి వారం ఆడించాను నేను. అవతల వాడు వింటూనే ఉండేవాడు, ఒక్కసారి కూడా వద్దనలేదు.

ఫిన్లాండ్‌లో వాడున్న ఊరి పేరు నాకు నోరు తిరగదు. కాగితం మిల్లు ఊరు. జట్టులో సగంమంది పొద్దున మిల్లులో పని చేసి మధ్యాహ్నం ఆటకొచ్చేవాళ్ళు. వీడికి మిల్లు వాళ్ళ క్వార్టర్లలోనే ఒక గదిచ్చారు. భాష ముక్క రాదు. రొట్టెల కొట్టావిడ ఒకామె మాత్రం వీడు వెళ్ళగానే అడక్కుండానే నల్లరొట్టె ఒకటి కట్టి పెట్టేదట, వీడు తలూపేవాడు, ఆమె తలూపేది, అదే ఆ రోజుకి కబుర్లు. రెండో ఏడు జట్టు అడుగున పడింది. చివరాటలో ఓడితే కింది లీగుకి దిగిపోతారు. సమానంగా ముగిస్తే చాలు, నిలుస్తారు. సరిగ్గా అప్పుడే అసలు గోలీకి భుజం ఎముక విరిగింది. కొంగని దింపారు. రెండాటలు ఆడాడు, ఒక్క గోలు పోలేదు. ఆ రెండు ఆదివారాలూ నేను పెద్దమ్మకి నిజమే చెప్పాను. ఆమెకి తేడా ఏముంది, ఎప్పుడూ వినేదే కదా, మామూలుగా తలూపింది. నేనే అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకున్నాను.

మూడోదే ఆ ఆట. అక్టోబరు. వానా కాదు, మంచూ కాదు, రెండూ కలిసి మొహం మీద కొడుతోందట. ఇంకో అయిదు నిమిషాల్లో అయిపోతుందనగా, అటు ఇటు ఒక్క గోలూ లేదు, అవతలివాళ్ళకి కార్నర్ దొరికింది. ఎవడో తలతో కొట్టాడు. బంతి పైకర్ర అడుగున తగిలి కిందపడింది, పడ్డచోట నలుగురు వీడి మీద పడ్డారు, వీడు బంతిని పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. గీత దాటిందా లేదా? గీత దగ్గర జెండా పట్టుకునే మనిషి ఆ క్షణానికే మంచులో జారి కూలబడి ఉన్నాడు. రిఫరీ దూరంగా ఉన్నాడు. ఒకళ్ళు గోలంటారు, ఒకళ్ళు కాదంటారు, తోసుకుంటున్నారు. రిఫరీ అందర్నీ పక్కకి నెట్టి వచ్చి, వీడి ముందు వంగి అడిగాడు. ఆ రిఫరీ వయసులో ఉన్నప్పుడు మన సాంతోస్ రేవు నుంచి కాఫీ బస్తాలు తీసుకెళ్ళే ఓడ మీద వంటవాడుగా చేశాడట. మన భాషలో అడిగాడు, అది కూడా ఎలా, అచ్చం రేవులో కూలీలు మాట్లాడినట్టు: "లోపలికి పోయిందా, గోలీ?" కొంగ తలెత్తి, "పోయింది" అన్నాడు. అంతే. ఈల వేశాడు, గోలిచ్చాడు. ఆట పోయింది, జట్టు దిగిపోయింది.

ఆ సాయంత్రం, అంటే మనకి మధ్యాహ్నం, ఫోనొచ్చింది. అంతా చెప్పాడు, ఇప్పుడు నీకు చెప్పినట్టే, తడబాటు లేకుండా. రేపటికల్లా గది ఖాళీ చెయ్యమన్నారని చెప్పాడు. రొట్టెల కొట్టుకి వెళ్తే ఆవిడ కట్టి పెట్టిన రొట్టెని వీడి కళ్ళముందే విప్పి, తీసి మళ్ళీ అరలో పెట్టేసిందట. ఆ ముక్క మాత్రం రెండుసార్లు చెప్పాడు. "అమ్మకి ఇవన్నీ వద్దు, వస్తున్నానని మాత్రం చెప్పు" అన్నాడు. నేను నోరు తెరిచానా, ఏదో ఒకటి అల్లుదామని, పన్నెండేళ్ళ అలవాటు కదా, ఒక్క మాట రాలేదు. పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "చెప్పవే" అంది. చెప్పేశాను, ఉన్నదంతా, చెవిలో అరిచి. బయట బెంచీ మీదున్న వాళ్ళకి కూడా వినపడింది. పెద్దమ్మ అంతా విని, "పోయిందా మరి బంతి లోపలికి?" అంది. పోయిందట పెద్దమ్మా అన్నాను. "పోతే పోయిందనక ఏమంటాడు?" అని గౌను దులుపుకుని లేచి ఇంటికి పోయింది. అటు లైను మీద ఇంకా ఉన్నాడు వాడు. ఏమందని అడిగాడు. చెప్పాను. కాసేపటికి లైను దానంతటదే తెగిపోయింది.

ఇంక ఊరు చూడాలి అప్పుడు. రెండు ముక్కలైపోయింది. ఊరి జట్టు కోచ్ జురాందీర్ ఉండేవాడు, మీసాలాయన, ఆయన మైదానంలో నిలబడి, "గోలీ పని గోలు కాయడం, చూడ్డం రిఫరీ పని. ఇద్దరి పనీ వీడే చేస్తే రిఫరీ ఎందుకూ, ఇంట్లో పడుకోక" అని తిట్టాడు. మందుల షాపు అబెలార్దో గారు మాత్రం అలాంటివాడు మన ఊళ్ళో పుట్టడం మన అదృష్టం అన్నాడు. చివరికి ఫాదర్ గారు ఆదివారం పూజలో ఆ కథ ఎత్తుకున్నాడు, పేరు పెట్టి మరీ. అంతటితో తేలిపోయింది. డిసెంబరులో కొంగ ఒక సంచీ పుచ్చుకుని బస్సు దిగేసరికి వాడు కొంగ కాదు, పుణ్యాత్ముడు. పిల్లలు కూడా అలాగే పిలిచేవాళ్ళు. డైరీలో వాళ్ళే పిలిచి పాలలారీ ఇచ్చారు నడపమని.

అక్కణ్ణుంచి ఇరవయ్యేళ్ళు, నువ్వు నమ్మవు, ఊళ్ళో ఏ తగాదా అయినా వాడి గుమ్మం తొక్కాల్సిందే. గట్టు జరిగిందని ఇద్దరు రైతులు కొట్టుకుంటే, పుణ్యాత్ముణ్ణి పిలవండి. జూన్ పండగలో పంది బరువెంతో చెప్పే పందెం పెడితే, కాటా దగ్గర పుణ్యాత్ముడు నిలబడాలి. వాడు వెళ్ళేవాడు, పోనని చెప్పడం తెలియదు. వెళ్ళి, "నేను సరిగ్గా చూడలేదండీ" అనేవాడు. దాన్ని కూడా గొప్పే అనుకునేవాళ్ళు. చూశారా, చూడందాన్ని చూశాననడు అని. పేకాట సంగతి విను. త్రూకో అంటే ఏముంది, చేతిలో ముక్క లేకపోయినా ఉన్నట్టు బల్ల గుద్ది అరవడమే కదా ఆట. వీడు అరిస్తే చాలు, అవతలివాళ్ళు ముక్కలు కింద పడేసేవాళ్ళు, వీడు అబద్ధమాడడని. ఎవడూ వీడి చెయ్యి తిప్పి చూసేవాడు కాదు. వరసగా రెండు నెలలు గెలిచాడు. ఆ తర్వాత ఎవరూ ఆటకి పిలవలేదు. శనివారాలు మూలబల్ల దగ్గర ఒక్కడే కూర్చుని ఎడమ చేత్తో ఓ గ్లాసు తాగి పోయేవాడు. మళ్ళీ గోలులో నిలబడమని ముసలివాళ్ళ జట్టు అడిగింది. నిలబడలేదు.

పెళ్ళా? చేసుకోలేదు. పోస్టుమాస్టరు చెల్లెలు ఒస్మారీనా ఇష్టపడింది గాని, ఆమె నాతో ఏమందో తెలుసా, "ఆయన పక్కన కూర్చుంటే చర్చిలో కూర్చున్నట్టుంటుంది జుల్మీరా, నేనేమో నవ్వొస్తే ఆపుకోలేనిదాన్ని" అంది. ఆమె తర్వాత ఒక సర్కసు ఎలక్ట్రీషియన్‌ని చేసుకుని వెళ్ళిపోయింది, మంచిదే. ఫిర్మీనా పెద్దమ్మ కొడుకొచ్చిన ఆరేళ్ళకి పోయింది. చివరిదాకా తన కొడుకు పన్నెండేళ్ళు ప్రతి ఆదివారం ఆడాడనే అనుకుంది. వాడూ నేనూ ఎదురెదురుగా కూర్చున్నా ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

తర్వాత వాడికి ఊపిరితిత్తుల్లో జబ్బు వచ్చింది. ఆఖరు నెల్లో నేను మధ్యాహ్నాలు వెళ్ళి కూర్చునేదాన్ని, గంజి కాచి పట్టుకెళ్ళి. ఎందుకంటే, ఎవరో ఒకరు వెళ్ళాలి కదా. ఆ రోజు కూడా అలాగే, వసారాలో మంచమేసుకుని పడుకుని ఉన్నాడు. మున్సిపాలిటీ వాళ్ళు పొద్దున వచ్చి వెళ్ళారట, కొత్త మైదానానికి వాడి పేరు పెడతామని, గేటు మీద 'నిజం చెప్పిన గోలీ' అని రాయిస్తామని. వద్దంటే వినలేదట, వినయం అనుకున్నారట. నాకు ఆ మాట చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయాడనుకుని గిన్నె తీసుకుని లేచాను.

"జుల్మీరా, ఆ బంతి గీత దాటిందో లేదో నాకు తెలియదు" అన్నాడు.

కళ్ళ నిండా మంచు నీళ్ళు, మీద నలుగురు మనుషులు, బంతి పొట్ట కింద, గీత ఎక్కడో కూడా కనపడలేదన్నాడు. దాటి ఉండొచ్చు, లేకపోయి ఉండొచ్చు. అక్కడ మిల్లు వాళ్ళ జట్టు ఆ తర్వాత మళ్ళీ పైకి రాలేదట, రెండేళ్ళకి క్లబ్బే మూసేశారట. అది మాత్రం వాడు ఎలాగో తెలుసుకున్నాడు. ఇరవయ్యేళ్ళూ ఆ ఊరే కళ్ళముందు ఉందన్నాడు, ఆ రొట్టెలావిడతో సహా.

"మరి పోయిందని ఎందుకన్నావు?" అన్నాను. గిన్నె చేతిలోనే ఉంది.

"మన మాటల్లో అడిగాడు. సైప్రస్ వెళ్ళినప్పటినుంచీ అయిదేళ్ళు, ఆదివారం నీ గొంతు తప్ప ఆ మాటలు వినలేదు. అడిగాడు, నేను జవాబు చెప్పాను. ఏం చెప్తున్నానో చూసుకోలేదు. కాదనాలని తోచలేదు."

ఈ సంగతి మున్సిపాలిటీ వాళ్ళకి చెప్పనా అని అడిగాను. కళ్ళు మూసుకుని, "నువ్వు చెప్తే మార్చి చెప్తావులే" అన్నాడు. నవ్వాడనే అనుకుంటున్నా.

గేటు మీద ఉందిగా, నువ్వు చూశావుగా. ఏం రాశారో చూశావుగా. నేను వెళ్ళలేదు వాళ్ళ దగ్గరికి. వెళ్దామని రెండుసార్లు చెప్పులేసుకున్నాను... వెళ్ళలేదు.

...

మీ అమ్మమ్మ మోకాలెలా ఉంది ఇప్పుడు? నేనిచ్చిన నూనె రాస్తోందా, లేక సీసా అలాగే పెట్టుకుందా?