సున్నపు మెట్టు కింద లెక్క

సుంకిరెడ్డని ఊరికి పెద్దాయన ఒకడుండె. లెక్కల్లో ఆయన్ను మించినోడు లేడంట, ఆ మాట చెప్పిందీ ఆయనే. ఊరికంతా ఒకటే దిగుడుబాయి అనుకో. నడాన ఒక మెట్టుకు సున్నం కొట్టింటారు. నీళ్ళు ఆ మెట్టు కాడుంటే సున్నా, దానిపైన ఎన్ని మెట్లు మునిగితే అన్ని. పొద్దున్నే రెడ్డి గట్టెక్కి "ఈపొద్దు నీళ్ళు నాలుగూ" అని అరిస్తే ఊరంతా ఇంటాది. కట్టుబాటేందంటే, నీళ్ళు సున్నాకు కిందికి దిగితే ఎద్దుల్తో కపిల తోలి, బానతో నీళ్ళు తోడి చేనుకు పారగట్టగూడదు, మిగిలింది తాగేదానికే. కాదని తోలినోడు, నీళ్ళు మళ్ళా సున్నపు మెట్టెక్కేదాకా వాని ఎద్దుల్తోనే ఊరోళ్ళ బిందెలన్నిటికీ తోడి పొయ్యాల.

ఏమైందంటే, ఆ ఏడు వానల్లేవు. నీళ్ళు సున్నపు మెట్టు కాడికొచ్చె, రెడ్డి "సున్నా" అనె. మర్నాడు ఇంకో మెట్టు దిగె, మళ్ళా "సున్నా" అనె. ఇంకోటి దిగె, మళ్ళా సున్నానే. ఆయన కపిల మాత్రం తిరుగుతానే ఉండాది, ఆయన చెరుకు పచ్చగానే ఉండాది. ఇదేంది పెద్దాయనా, నీళ్ళు కిందికి పోయె గదా అని ఊరోళ్ళు అడిగితే ఆయన నవ్వి, ఒరే పిచ్చోళ్ళారా, మీకు మూడు గొర్రెలుండె, మూడూ తోడేలు తినె, ఇంగ నాలుగోదాన్ని ఎట్ట తింటాదిరా? లేనిదానికన్నా తక్కువ యాడన్నా ఉంటాదా, అన్నాడంట. నిజమే గదా అని అందరూ తలకాయలూపిరి. గొర్రెల లెక్క బాయికి పనికొస్తాదా అని ఒక్కడూ అడగల్యా. తలకాయ ఊపేది సులువు గదా, మీరూ ఊపుతాండారు సూడు.

రెడ్డి పెండ్లాం నాగులమ్మ దినామూ ఇంకో మెట్టు దిగి, బిందె చంకన పెట్టుకొని, మోకాలు పట్టుకొని ఎక్కొస్తాండె. "ఏమయ్యా, నీ సున్నా దినామూ దిగిపోతాండాదే" అనిందంట. "నోరు మూస్కోమే, ఆడోళ్ళకు లెక్కలేం తెలుసు" అనె ఆయన. ఆఖరికి ఒకపొద్దు కపిల బానలోకి బురదొచ్చె. ఆడోళ్ళు ఉత్త బిందెల్తో పైకొచ్చిరి, బిడ్డలు నీళ్ళు నీళ్ళని ఏడుస్తాండిరి. అది చూసి రెడ్డికి గుండె జారిపాయె, పాపం, చెరుకు ఎండిపోతాదని. ఎంబడే గంగమ్మకు పొట్టేలు మొక్కె.

ఆ తల్లి మనిషిని చూసి పెట్టదు లే. ఆ మాపటికే వాన కొట్టె. తెల్లారి ఊరంతా బాయి కాడ చేరిరి. రెడ్డి గట్టెక్కి, మీసం దువ్వి, "చూసినారా నా మొక్కు! నిన్న సున్నాకు కింద ఐదు, ఈపొద్దు కింద రెండు! మూడు మెట్లు పెంచినా!" అని అరిచె.

నాగులమ్మ బిందె దించి, "సున్నాకు కింద ఐదా సామీ? అది లేనేలేదంటివే" అనె. రెడ్డి మీసం మీంచి చెయ్యి తీసె. నీళ్ళు పెరగల్యా అంటే మొక్కు గొప్ప పోతాది, పెరిగినాయంటే సున్నాకు కింద కపిల తోలినట్టు ఒప్పుకున్నట్టే, ఎద్దులు ఊరి బిందెలకు పోతాయి. "ఆ లెక్క... వానొచ్చినాంక పుట్టింది మే" అన్నాడంట. ఊరోళ్ళు పడీపడీ నవ్వి, ఆయన ఎద్దుల్ని తోలకొచ్చి కపిలకు కట్టిరి, పగ్గాలు ఆయన చేతికే ఇచ్చిరి. మొదటి బిందె నాగులమ్మదే.

చెరుకు ఎండిపాయె, అది వేరే సంగతి. ఆయనకు లెక్క రాదని మాత్రం అనుకునేరు. మనకంటే బాగా వచ్చు. పెద్దోళ్ళకు లెక్క యాడ నిలపాల్నో కూడా వచ్చు, మనకు రానిది అదే.