అట్టకొండ అంచున

కారు షెడ్డులో, అట్టపెట్టెలతో కట్టిన కొండ పక్కన, అక్కా తమ్ముడూ.

“‘కొండకు ఇంకో పూత నల్లరంగు. మేఘాలకు దూది. విలన్ మీసానికి జిగురు. తొమ్మిదో భాగానికి అట్టల మీద మాటలు రాయాలి. అక్కకు చెల్లి చీర కట్టించాలి.’ ఏమిట్రా ఈ చివరిది?”

“గోడమీది చీటీ చదివేశావా? నేనే మెల్లగా చెబుదామనుకున్నా. వీపు చాలక్కా, మొహం కనపడదు.”

“ఓహో, నా వీపుకి వేషం ఇచ్చావన్నమాట.”

“చెల్లి రాలేదుగా మరి. ఎనిమిదో భాగం చివర దాన్ని కొండ అంచున వేలాడుతుండగా వదిలేశాను. తర్వాతేమయిందా అని జనం కాచుకునున్నారు.”

“జనం! మీ విలనూ, వాళ్ళావిడా, మా బళ్ళో పిల్లలూ. ఫోనుతో తీసి, రంగు పీకేసి, మీద నాలుగు గీతలు గీస్తే వందేళ్ళనాటి మూకీ అయిపోతుందిట్రా? నీ కొండమీద ‘ఈ వైపు పైకి’ అని తలకిందులుగా కనబడుతోంది.”

“అందుకేగా నల్లరంగు. వెక్కిరించకు. మాట లేకుండా కథ నడపడం ఎంత కష్టమో తెలుసా?”

“ఎవరికి చెబుతున్నావు? పదిహేనేళ్ళుగా చెవులు వినపడని పిల్లలకు పాఠాలు చెబుతున్నాను.”

“వాళ్ళకి నచ్చిందన్నావుగా?”

“పడీపడీ నవ్వారు. అట్టమీద ‘నిన్ను ప్రాణాలతో వదలను’ అని ఉంటుంది. మీ విలన్ పెదాలేమో ‘టీ చల్లారిపోతోంది, తొందరగా కానీండి’ అంటున్నాయట.”

“పెదాలు చదివేశారా! మేం నోటికొచ్చింది అనేస్తాం అక్కా. శబ్దం ఎలాగూ తీసేస్తాం కదా.”

“ఎనిమిదో భాగానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.”

“ఎందుకని? అన్నిట్లోకీ అదే బాగా వచ్చింది.”

“చెల్లి ఏమందో వాళ్ళే చెప్పారు. ‘అన్నయ్యా దించు, భుజం పోతోంది.’ నాలుగుసార్లు.”

“...నేను అట్టమీద ‘రక్షించండి’ అని రాశాను.”

“రాశావు. ఆస్పత్రిలో డాక్టరుతోనేమో ‘నొప్పని ఒక్క మాట అన్లేదండీ, అంటే దించేవాళ్ళం కాదా’ అన్నావు. పైగా మొండిదని దాన్నే తిట్టావు. అది కిమ్మనలేదు.”

“జుట్టు ఎగరాలని పెద్ద ఫ్యాను పెట్టామక్కా. ఆ హోరులో నాకేం వినపడుతుంది?”

“చేతులు జారకుండా దూలానికి కట్టిందెవరు?”

“నేనే. కానీ, నాలుగడుగుల ఎత్తేగా...”

“చేతులు కట్టేశాక నాలుగైతే ఏం, నలభై అయితే ఏం? కత్తెర పట్టలేకపోతోందిరా! ఒప్పుకున్న జాకెట్లన్నీ పక్కవీధి దర్జీకి పంపేసింది. ఆ వేళ్ళు మళ్ళీ ఎప్పటికి మాట వింటాయో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. నువ్విక్కడ దూదీ జిగురూ అంటూ కూర్చున్నావు.”

“నన్నేం చెయ్యమంటావు? ఆ భాగం తీసెయ్యనా?”

“తీసేస్తే, అది అడగలేదన్న నీ మాటే మిగులుతుంది. కొత్త అట్ట ఒకటి తియ్యి. తొమ్మిదో భాగంలో ముందు ఇదే రావాలి. రాయి.”

“ఏమని?”

“‘చూసేవారికి మనవి. కొండ అంచున వేలాడిన ఆమె నటించలేదు. దించమని నాలుగుసార్లు అడిగింది. ఫ్యాను హోరులో కెమెరా పట్టుకున్నవాడికి వినపడలేదు. ఆమెను గుర్తుపెట్టుకోండి.’ రాశావా?”

“ఉండు... ఆఁ.”

“అయిదు ముక్కలకి ఇంతసేపా! ఏదీ, చదువు.”

“‘చూసేవారికి మనవి. కొండ అంచున వేలాడిన ఆమె నటించలేదు. దించమని నాలుగుసార్లు అడిగింది. కెమెరా పట్టుకున్నవాడికి మొదటిసారే వినపడింది. ఏడుపు బాగా వస్తోందని ఆపలేదు. ఆమెను గుర్తుపెట్టుకోండి.’”