మాలకొండయ్య కెమేరా పెట్టిన బొట్టు

మాలకొండయ్య అని ఫోటోలు తీసేవాడు ఒకడుండాడు మా గంగులపాడులో. వాడు పొదిలి పోయి కొత్త కెమేరా తెచ్చుకున్నాడంట. ఏ కంపెనీదని అడగబాకండి, ఆ పేరు నాకు నోరు తిరగదు. అది తెచ్చిన రోజు చూడాల వాడి సంబరం! మెడలో ఏసుకోని బజారు ఈ కొస నించి ఆ కొస దాకా తిరిగాడు, పనుండి కాదు, ఊరికే. ఎండ తగలకుండా దాని మీద తువ్వాల కప్పేవాడు, పసిబిడ్డకి కప్పినట్టు. ఇంతలో దసరా వచ్చింది. పండక్కి మనం కొడవళ్ళకీ పారలకీ ట్రాక్టర్లకీ పసుపూ కుంకం పెట్టి మొక్కుతాం గదా, వాడేమో కెమేరాని తీసకపోయి పోలేరమ్మ కాళ్ళ కాడ పెట్టి, కుంకం తీసి బొట్టు పెట్టాడంట. ఎక్కడ పెట్టాడనుకున్నారు? పైన ఏడన్నా పెట్టుంటే పోయేది. సరిగ్గా ముందుండే అద్దం మీద, నడిమజ్జన పెట్టాడు! మనిషికి నుదురెట్టనో దానికి అద్దం అట్టనంట. నవ్వబాకవే సుబ్బులూ, నీ చేతికిచ్చినా నువ్వూ అక్కడే పెట్టేదానివి.

ఏమైందంటే, పండగెళ్ళినాక అద్దం తుడుచుకోని ఒక ఫోటో తీశాడు. ఫోటోలో ఎర్రచుక్క! మళ్ళా తుడిచాడు, మళ్ళా తీశాడు, మళ్ళా చుక్క. గొడ్డుని తీసినా చుక్కే, గోడని తీసినా చుక్కే, మజ్జకి కాస్త పైన, మినపగింజంత, రగతం లాగా ఎర్రగా. వాడికి గుండె జారిపోయింది. కుంకం లోపలికి పోయిందే, నా చేతులారా నేనే చెడగొట్టుకుంటినే అని పెళ్ళాం కాడ కూకోని ఏడిచాడంట. పెళ్ళాం మస్తానమ్మ గట్టి మనిషి. ఏడవబాకయ్యా, అది అమ్మోరు పెట్టిన బొట్టు, మొహం మీద పడేట్టు తియ్యి, ఎవరొద్దంటారు అనింది. కంప్యూటర్లో చెరిపితే పోద్ది గదా అంటావేమో, వాడూ అదే అన్నాడు. చెరుపు, చెరిపితే కళ్ళు పోతయ్ అనింది. ఇంక చెరుపుతాడా!

అప్పట్నించీ చూడు వాడి పని. మనిషిని కూకోబెట్టి, కాస్త కిందికి, కాస్త ఇటు, గడ్డం ఎత్తు, ఆఁ, అట్టనే, అని ఆ చుక్క వచ్చి సరిగ్గా బొట్టు మీద కూకునేట్టు తీసేవాడు. ఆ బొట్టు ఎట్టా ఎలిగేదనుకున్నారు! అబ్బబ్బ, దీపమే! గంగులపాడు ఫోటోల్లో అమ్మోరి కళ ఉంటదని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఎగబడినయ్. ఒకే చుక్క గదా, పదిమంది నిలబడితే ఎవరో ఒకరికే పడుద్ది. దానికి తగువులే తగువులు! ఒక పెళ్ళిలో మా పిల్లకి పడాలని వీళ్ళు, మా పిల్లోడికి పడాలని వాళ్ళు, భోజనాలు చల్లారిపోయినయ్ గానీ తగువు తేల్లా.

ఇట్టా ఉండంగా చెంచులక్ష్మి వచ్చింది ఫోటోకి. ఎరగరా చెంచులక్ష్మిని? దాని మొగుడు బావి పూడిక తీస్తా మన్ను కూలి పోయాడు, పిల్ల పావని చంకలో ఉన్నప్పుడే. అది మా ఇంటి పక్కదే. పింఛను కార్డుకి కొత్త ఫోటో కావాలన్నారంట ఆఫీసులో. మాలకొండయ్య చెయ్యి అలవాటు పడిపోయిందనుకో, కాస్త కిందికి, గడ్డం ఎత్తు, అని టక్కున తీసేశాడు. తీరా చూస్తే దాని బోసి నుదుట ఎర్రగా బొట్టు! వాడు నాలిక కరుచుకోని, తప్పయిందమ్మా, ఇంకోటి తీస్తా అంటా ఉండాడు, చెంచులక్ష్మి ఆ ఫోటో వాడి చేతిలోంచి లాక్కోని చూసింది. చూసి, చూసి, ఏమనిందో తెలుసా? ఈమె నేనే గదన్నా, అనింది. అదీ మాట! ఆ మాట మస్తానమ్మ నాకు చెప్తా ఉంటే నాకు ఏడుపు ఆగలా.

ఆ ఫోటో తీసకపోయి అత్త అంకమ్మకి చూపించింది. అంకమ్మ కూడా మొగుడు పోయిన మనిషే, చెడ్డది కాదు గానీ పిరికిది, లోకం ఏమంటదో అని నీడకి కూడా జడుసుద్ది. అమ్మోరే పెట్టింది బొట్టు, నేను కాదంటానా అని చెంపలేసుకుంది. సరే, పావనికి సంబంధం కుదిరింది. చెంచులక్ష్మి అత్తని అడిగింది, అత్తా, నా బిడ్డని నా చేత్తో పెళ్ళికూతుర్ని చేసుకుంటా, నేనే నలుగు పెడతా, బొట్టు పెట్టుకోని పక్కన నిలబడతా అని. అమ్మోరు పెట్టినాక నాదేముంది, అట్టనే కానీ అనింది ముసల్ది. ఇంక చూడండి చెంచులక్ష్మిని, కాళ్ళు నేల మీద ఆన్తే ఒట్టు!

పెళ్ళి ఇంక దగ్గర పడిందనంగా ఏమైందంటే, పొదిలి కొట్టాయన మాలకొండయ్యకి ఫోన్ చేశాడు. నీ కెమేరా తీసుకోని రా, ఆ రకం కెమేరాలన్నిట్లో ఎర్రచుక్క పడతా ఉందంట, తప్పు మాదేనని కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నారు, పాతది ఇచ్చేస్తే ఊరకనే కొత్తది ఇస్తారంట అని. వీడు పొదిలి పోయి చూస్తే కొట్టు ముందర తిరనాళ్ళే! ఆ కెమేరా కొన్న వాళ్ళంతా అక్కడే ఉండారు. ఒకడు గంతులేస్తా ఉండాడు. ఒకడేమో చుక్క మీద కోపానికి కెమేరాని గోడకేసి కొట్టాడంట, ఇప్పుడు ఆ ముక్కలన్నీ సంచిలో ఏసుకోనొచ్చి ఇది చెల్లుద్దా అన్నా అని అడుగుతా ఉండాడు. ఇంకొకడు చుక్క సంగతి చెప్పకుండా బావమరిదికి అంటగట్టి, ఇప్పుడు నా కెమేరా నాకియ్యరా అని వాడి చొక్కా పట్టుకోని ఉండాడు! మాలకొండయ్య అందరి ఫోటోలూ చూశాడంట. అందరిదీ అదే చుక్క, అదే చోట. అయితే నా కుంకం కాదా ఇది అన్నాడంట. నేను చెడగొట్టలేదు అని ఒక పక్క ప్రాణం లేచొచ్చింది, అమ్మోరు కాదే అని ఇంకో పక్క ఉసూరుమనింది. సరే, పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకున్నాడు.

పావనిని పెళ్ళికూతుర్ని చేసే రోజు పొద్దున్నే వచ్చాడు కొత్త కెమేరాతో. నేనూ ఉండా అక్కడ, వసారా ఎనక, తలుపు చాటున. మాలాంటి వాళ్ళని నిలబెట్టే చోటు అదేగా. వాడికి అబద్ధం ఆడటం రాదు, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ఇక చూడండి అంకమ్మని! అమ్మోరు కాదంట, కంపెనీ తప్పంట, వాళ్ళే ఒప్పుకున్నారంట, అమ్మాయ్ లోపలికి పో, శుభమా అని జరిగే చోట నువ్వు నిలబడబాక, పసుపు గిన్నె ఇట్టా ఇయ్యి, మేనత్త పెడతది నలుగు అని అందరి ముందరా అనేసింది. పీట మీద పిల్ల అమ్మా అని ఏడుపెత్తుకుంది.

చెంచులక్ష్మి గిన్నె ఇయ్యలా. నిదానంగా అనింది, అరవలా. అత్తా, ఎక్కడో ఉండే అంత పెద్ద కంపెనీ తప్పు మాదేనని ఒప్పుకోని, పిలిచి మరీ కొత్తది చేతిలో పెట్టింది. మనం చేసింది తప్పని మనమెప్పుడు ఒప్పుకుంటాం? అనింది. అది పీట పక్కనుండే భరిణ తీసింది, ఏలు కుంకంలో ముంచింది, అద్దం లేదు ఏం లేదు, పెట్టేసుకుంది. బొట్టు కాస్త పక్కకి పోయింది. అందరం ముసల్దాని వంకే చూస్తా ఉండాం, ఇప్పుడేమంటదో, ఇప్పుడేం చేస్తదో అని. అంకమ్మ చూసింది చూసింది, దగ్గరికి పోయింది. వంకరగా పెట్టుకున్నావేమే, ఇట్రా అని, తన బొటనేలితో తుడిచి, మళ్ళా సరిగ్గా నడిమజ్జన పెట్టింది! పెట్టి ఏడ్చింది, చెంచులక్ష్మీ ఏడ్చింది, మాలకొండయ్య ఏడస్తానే ఫోటో తీశాడు. కదిలిపోయింది ఆ ఫోటో, మొహాలు కూడా సరిగ్గా ఆనవు. అయినా దాన్నే పెద్దది చేయించి గోడకి పెట్టారు.

ఏందే, అందరూ నా మొహం వంక చూస్తా ఉండారు? మా ఆయన పోయి ఏళ్ళయింది గదా, ఈమెకి బొట్టేందనేనా? ఆ భరిణ ఆ రోజు చేతులు మారి మారి తలుపు చాటుకి కూడా వచ్చింది లేమ్మా.