కదలొద్దన్న కౌగిలి

వియన్నా, 1912 చలికాలం. చిత్రకారుడు కోల్‌బెక్ గదిలో ఇద్దరు మోడల్ అమ్మాయిలు, పోల్డి, రేజల్, సోఫా మీద ఒకరినొకరు కౌగిలించుకుని కూర్చున్నారు.

“...అయితే రేపు పొద్దున రైలుకే వెళ్లిపోతావా, పోల్డీ?”

“నాతో మాట్లాడకు, రేజల్.”

“మూడు వారాలైందే మాట్లాడి!”

“ముప్పై అయినా అంతే. నీ గడ్డం గుచ్చుకుంటోంది, తియ్యి.”

“నేను పెట్టానా? మాస్టారే పెట్టారు, నీ భుజం మీద.”

“రేజల్, పెదాలు కదులుతున్నాయి.”

“నావి కాదు మాస్టారూ, దానివి!”

“ఇద్దరివీ. ప్రేమగా పట్టుకోండమ్మా. పోలీసు దొంగను పట్టుకున్నట్టుంది.”

“దొంగ ఇదేనండీ. నా జుట్టు కోసేసింది.”

“నువ్వే కొయ్యమన్నావ్!”

“చివర్లు సరిచెయ్యమన్నాను. చెవుల దాకా లేపేశావ్. అవతల నన్ను గీస్తున్న ఆ మీసాలాయన బొమ్మలో నా జుట్టు నడుం దాకా ఉంది. సగంలో ఉన్న బొమ్మ! తెల్లారి నన్ను చూసి కుంచె విసిరికొట్టాడు.”

“ఒక పక్క కొంచెం ఎక్కువ తెగింది. రెండో పక్క సమం చేద్దామని...”

“చేశావ్, చేశావ్. సమం చేసి చేసి నన్ను లింజ్‌లో అత్తయ్య చేతితొడుగుల కొట్టుకి పంపిస్తున్నావ్.”

“వెళ్లకే.”

“ఉండి ఏం చెయ్యను? ఈ బొమ్మ ఇవాళ్టితో సరి. తర్వాత ఈ బోడితల ఎవరికి కావాలి?”

“నేను ఆయన దగ్గరికి వెళ్లాను.”

“ఎవరి దగ్గరికి?”

“మీసాలాయన దగ్గరికి. తెగిన నీ జుట్టుతో అల్లిన జడ పట్టుకుని. ముఖం పోల్డిదే కదండీ, జుట్టు దీన్ని చూసి వేసుకోండి అన్నాను.”

“ఒసేయ్ పిచ్చిదానా! ఏమన్నాడు?”

“తలుపేసేశాడు. మర్నాడూ అంతే. మూడో రోజు జడ నేనే పెట్టుకుని వెళ్లాను, పిన్నులు గుచ్చి.”

“నీ నల్లజుట్టు మీద నా ఎర్ర జడా?”

“మెట్ల మీద వాళ్లావిడ నన్ను చూసి శిలువ గుర్తు వేసుకుంది.”

“నవ్వించకే!”

“పోల్డీ, భుజం! భుజం ఎగురుతోంది!”

“దీని నోరు కుట్టేయండి, మాస్టారూ!”

“అది తర్వాత. ముందు నా మాట విను, పోల్డీ. నిన్నెందుకు పిలిచాననుకున్నావ్? జుట్టు పోయాకే ఆ మెడ వంపు కనబడింది నాకు. మార్చిలో పెద్ద బొమ్మ మొదలెడతాను. ఆ మెడ కావాలి. లింజ్ వెళ్తానంటే నీ ఇష్టం.”



“ఏమే పోల్డీ, ఏడుస్తున్నావా?”

“లేదు. నీ శాలువా నూగు కంట్లో పడింది.”

“నేను శాలువా వేసుకోలేదే.”

“అయితే నోర్మూసుకో... అత్తయ్యకి ఉత్తరం నువ్వే రాయాలి.”

“రాస్తా! ఎన్ని కావాలంటే అన్ని!”

“ఒక్కటి చాలు. ఇంకెప్పుడూ కత్తెర పట్టుకుని నా వెనక్కి రాకు.”

“అమ్మాయిలూ! బొమ్మ పూర్తయింది, కుంచెలు కడగడం కూడా అయింది. ఇక వదిలేయొచ్చని ఇందాకే చప్పట్లు కొట్టాను కదా.”

“నాకు వినబడలేదండీ. నీకు వినబడిందా, పోల్డీ?”

“నాకు వినబడింది.”