ఇద్దరుంటేనే పందెం

డెబ్బై దాటిన ఆడవాళ్ళ నాలుగొందల మీటర్ల పరుగుపందెం మొదలయ్యే ముందు, మైదానం పక్కన బెంచీ మీద వదినా ఆడపడుచులిద్దరు బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నారు.

“మోకాలి ఆపరేషనై ఏడాదన్నా కాలేదు, ఎందుకొచ్చావు వదినా?”

“నేను రాకపోతే నువ్వొక్కదానివే. ఒక్కరే ఉంటే పందెం రద్దట.”

“డాక్టరేమన్నాడు?”

“నడవమన్నాడు. పరుగు సంగతి నేనడగలేదు.”

“తొమ్మిదేళ్ళుగా నా చేతిలో ఓడిపోతున్నావు. విసుగు రాదూ?”

“ఓడిపోదామని ఎప్పుడూ రాలేదే. గెలుద్దామనే వచ్చాను. కుదర్లేదు.”

“సరే, ఇవాళ కాస్త మెల్లగా పరిగెడతాలే.”

“ఆ పని చేశావంటే ఇక నీతో మాట్లాడను.”

ఆడపడుచు ఈసారీ గెలిచింది. వదిన కుంటుకుంటూ గీత దాటేసరికి మరో ఆరు నిమిషాలు పట్టింది.

“చివరి మలుపులో నెమ్మదించావు,” అంది వదిన ఆయాసపడుతూ. “నేను చూశాను.”