నలభై మూడో స్లైడు

పాత స్లైడ్లను కంప్యూటర్లోకి ఎక్కించే దుకాణంలో, చనిపోయిన నాన్న ఫొటోలు ఏరుకుందామని అన్నాచెల్లెళ్లిద్దరూ కూర్చున్నారు. నలభై మూడో స్లైడు తెర మీదికి రాగానే అన్న ఉలిక్కిపడి లేచాడు. వంటింటి నేల మీద పడి ఉంది అమ్మ. కనుబొమ చిట్లి, ముఖమంతా నెత్తురు.

"ఎవరు తీశారిది?"

"నేనే. తొమ్మిదేళ్లప్పుడు, తలుపు సందులోంచి."

"అమ్మ మెట్ల మీంచి జారిపడిన రోజు కదా?"

"మనింట్లో మెట్లెక్కడున్నాయన్నయ్యా? నాన్న బెల్టు తిరగేసి కొట్టాడు. నువ్వు మంచం కింద చెవులు మూసుకుని పడుకున్నావు."

"నోర్ముయ్! పోయిన మనిషి పరువు తీస్తావా? తీసెయ్ దాన్ని."

"తియ్యను. రీలు కడిగించింది అమ్మే. చూసి కూడా పారెయ్యలేదు, దాచుకుంది."

ఆమె స్లైడును యంత్రంలోంచి తీసి చేతిలో పెట్టుకుంది. అతను లాక్కోబోయాడు. ఆమె గుప్పిట బిగించింది. వేళ్లు వెనక్కి విరిచాడు, అయినా వదల్లేదు. చాచిపెట్టి చెంప మీద కొట్టాడు. కుర్చీతో సహా పడిపోయి, నోట్లో ఊరిన నెత్తురు మింగుతూ లేచింది చెల్లెలు. దుకాణం అతను పరుగున వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"అయ్యో, కావాలని కొట్టలేదే. చెయ్యి అలా వచ్చేసింది."

"నాన్న కూడా అదే అనేవాడు. ఇంతకీ, వదిన చేతికి ఆ కట్టేంటన్నయ్యా?"

చెల్లెలు ఫోన్ తీసింది.

"వదినా, పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చెయ్. బట్టలు సర్దుతూ కూర్చోకు. వాడు ఇక్కడే ఉన్నాడు, ఇప్పుడే బయల్దేరు."