మెట్ల మలుపులో బీరువా

"మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మూడు తలుపుల టేకు బీరువా. ఒక్కణ్ణే దించాను," అన్నాడు బాబాయి, పక్కనున్న బల్లని అరచేత్తో ఒక్క చరుపు చరిచి.

పాత ఫర్నిచర్ కొట్టు ఆయనది. పొద్దువాలేసరికి వీధిలో వాళ్ళు ముగ్గురు వచ్చి అమ్ముడుపోని కుర్చీల్లో కూలబడతారు. చేతుల్లేని కుర్చీ ఎదురుకొట్టు టైలరమ్మది, ఊగే కుర్చీ సైకిళ్ళు బాగుచేసే అతనిది, కిటికీ పక్కన పేము కుర్చీ లెక్కల మాస్టారిది. చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. ఆయన కోతలు ఎవరూ నమ్మరు. అలాగని రావడమూ మానరు.

ఆ రోజు మాత్రం బాబాయి గొంతు రోజూ కంటే పెద్దగా ఉంది. మర్నాడు పొద్దున్నే మాస్టారు ఊరొదిలి వెళ్ళిపోతున్నారు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, ఒక్కరే ఉండలేరు, దూరాన ఉన్న చెల్లెలు వచ్చెయ్యమంది. కథ అయిపోతే మాస్టారు లేస్తారు. లేస్తే ఇంక ఈ కొట్టుకి రారు. అందుకే బాబాయి కథని సాగదీస్తున్నాడు.

"ఒక్కడివే ఎలా దించావు బాబాయ్?" అంది టైలరమ్మ.

"వీపు మీద, తల్లీ. రెండు మెట్లు దిగానో లేదో కాలు జారింది. బీరువా మెట్ల మీద పడింది, నేను బీరువా మీద పడ్డాను. ఇంక చూస్కో, జారుడుబల్లే! రెప్పపాటులో వీధిలో ఉన్నాం. అక్కడైనా ఆగాలా? వాలు రోడ్డు. ముందు బస్సు పోతోంది, దాన్ని దాటేశాం. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి టికెట్ ఏదన్నాడు."

"తీసుకున్నావా?" అన్నాడు సైకిళ్ళతను.

"బీరువాకి పాసుందన్నాను. ఇంతలో ఎర్రలైటు. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? ఆగుతుందేమోనని చెరో పక్క తలుపూ బార్లా తెరిచా. గాలి పట్టేసింది. ఆగాల్సింది పోయి, లేచింది! మిద్దెల మీదుగా, కరెంటు తీగల మీదుగా, రెండు తలుపులూ రెక్కలైపోయి..."

"మరి మూడో తలుపు?" అన్నారు మాస్టారు.

"అది తోక మాస్టారూ. తోక లేకుండా ఏదైనా ఎగురుతుందా?"

మాస్టారు నవ్వారు. ఆ నవ్వు చూసి బాబాయికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ వెంటనే మాస్టారు చేతిగడియారం చూసుకున్నారు.

"ఆగండి, అసలుది ముందుంది!" అన్నాడు బాబాయి గబగబా. "మబ్బుల్లోకి వెళ్ళిపోయాం. అరలనిండా వానే. అలిసిపోయిన కొంగలొచ్చి చీరలు తగిలించే కడ్డీ మీద బారుగా వాలాయి. వాటిని లేపడమెందుకని రెండు రోజులు తలుపు చప్పుడు కానివ్వలేదు. కింద సముద్రం. అది దాటితే ఇంకో సముద్రం. ఆ తర్వాత... ఆ తర్వాత ఇంకోటి..."

"ఇంతకీ దిగావా లేదా?" అంది టైలరమ్మ. "ఇంటి దగ్గర నాకు బోలెడు పనుంది."

బాబాయి నోరు తెరిచాడు. దిగానంటే కథ అయిపోతుంది. బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు.

"అది ఎగరలేదమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా. "ఇతనొక్కడూ మొయ్యనూలేదు. ఆ బీరువా నాది. మా ఆవిడ పోయాక చూడలేక అమ్మేశాను. రావలసిన కూలీ రాలేదు. పైకొస నేను పట్టుకున్నాను, కిందికొస ఇతను. రెండో అంతస్తు మలుపులో ఇరుక్కుపోయింది. ఇతను ఎక్కలేడు, నేను దిగలేను. మధ్యలో బీరువా. మొహాలు కూడా కనపడవు. అలాగే చెరో మెట్టు మీదా కూర్చుని మాట్లాడుకున్నాం. ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర దాకా." బాబాయి వైపు తిరిగారు. "ఈ ఇరవై రెండేళ్ళలో అది మాత్రం ఒక్కసారీ చెప్పలేదేమోయ్?"

"ఉత్త మాటలేగా మాస్టారూ. చెప్పడానికేముంది?"

"మరి బీరువా?" అన్నాడు సైకిళ్ళతను.

"చివరికి ఇతనే కాళ్ళు విప్పదీశాడు. నాలుగు మరలు. రెండు నిమిషాల పని. పాపం, ముందు తట్టలేదు."

"తట్టింది," అన్నాడు బాబాయి.

అందరూ అతని వైపు చూశారు. ఊగే కుర్చీ ఆగింది.

"ఇరుక్కున్నప్పుడే తట్టింది. స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది." ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ విననంత చిన్నగా వచ్చింది. "మా అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. బేరానికొచ్చిన వాళ్ళు తప్ప నాతో మాట్లాడినవాళ్ళు లేరు. మీరు పైనుంచి, 'ఏమోయ్, అన్నం తిన్నావా?' అన్నారు. ఇంక విప్పబుద్ధి కాలేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. టైలరమ్మ ఇంటి దగ్గర పని సంగతి ఎత్తలేదు.

"మీ చెల్లెలుగారు బాగా మాట్లాడతారా?" అన్నాడు బాబాయి కాసేపటికి.

"దానికి చెవుడోయ్."

బాబాయి నవ్వబోయి ఆగిపోయాడు. "అయితే రోజూ ఈ వేళకి ఫోన్ చేస్తాను."

"కోతలు కోశావో, పెట్టేస్తాను."

"ఉన్నదున్నట్టు చెబితే ఎంతసేపని మాట్లాడతాం మాస్టారూ?"

మిగతా ఇద్దరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

"మూడు గంటలు మాట్లాడామోయ్," అన్నారు.